చిన్న కమతం: పేరు, మాట, చూపు – తెలుగు ప్రాంతాల భూమి లెక్కల్లో సాగుదారు స్థానం

సంగ్రహం

తెలుగు ప్రాంతాల్లో చిన్న కమతాల చరిత్రను శిస్తు విధానాల ద్వారా, చట్టాల ద్వారా, రైతు ఉద్యమాల ద్వారా చెప్పడం వాడుక. ఆ చరిత్రకు భూమి లెక్కల్లోని పదజాలం కూడా ఒక ఆధారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆసామి, కౌలు, పహాణీ అనే మూడు పదాలకు మూలార్థాలు వరుసగా పేరు, మాట, చూపు. నేలను దున్నే మనిషిని గుర్తించే సాధనాలుగా వాడుకలోకి వచ్చిన ఈ పదాలు కాలక్రమంలో ఆ మనిషికి దూరమయ్యాయి. చిన్న చెక్కకు లెక్క నానాటికీ కచ్చితమవుతూ వచ్చినా, దాన్ని సాగుచేసేవారి ఉనికి లెక్కలో పలచబడింది. నేడు కౌలు రైతు ఎదుర్కొంటున్న సమస్యకు మూలం ఈ వ్యత్యాసంలోనే ఉంది.

కీలక పదాలు: కమతం, ఆసామి, కౌలు, పట్టా, శిక్మీ, పహాణీ, అనుభవదారు.

ప్రవేశిక

2015–16 వ్యవసాయ గణన ప్రకారం భారతదేశంలోని సేద్యపు కమతాల్లో దాదాపు 86 శాతం రెండు హెక్టార్ల లోపువి. సగటు కమతం 1.08 హెక్టార్లు, అంటే రెండున్నర ఎకరాలకు కొంచెం పైన. ఒక హెక్టారు లోపు భూమి ఉన్నవారిని సన్నకారు రైతులనీ, ఒకటి నుంచి రెండు హెక్టార్ల లోపు ఉన్నవారిని చిన్నకారు రైతులనీ ప్రభుత్వం వర్గీకరిస్తుంది. ఈ గణనలో 'కమతం' అనే మాటకు ప్రత్యేకమైన నిర్వచనం ఉంది. హక్కు ఎవరిదన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా, ఒకరి నిర్వహణ కింద ఒకే యూనిట్‌గా సాగయ్యే భూమి అంతా ఒక కమతం. అంటే గణనకు ప్రమాణం సేద్యమే గాని యాజమాన్యం కాదు.

అయితే ఈ మాటకు తెలుగులో పాత అర్థం వేరు. 1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువు 'కమతము' అంటే యజమాని తన సొంత సరంజామాతో, ఇతరుల శ్రమతో చేయించే సేద్యమని చెబుతుంది. కమతగాడు అంటే ఆ సేద్యంలో పనిచేసే కూలి మనిషి. ఒకప్పుడు యజమాని వైపు నుంచి చూసిన పదం ఇప్పుడు సాగుదారు వైపు నుంచి చూసే పదమయింది. గణాంక శాస్త్రంలో జరిగిన ఈ మార్పు రెవెన్యూ లెక్కల్లో మాత్రం జరగలేదు. అక్కడ ప్రశ్న నేటికీ 'ఈ భూమి ఎవరిది?' అన్నదే. 'ఈ భూమి ఎవరు చేస్తున్నారు?' అన్నది రెండో ప్రశ్నగా, కొన్నిసార్లు అడగని ప్రశ్నగా మిగిలింది.

సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కావ్యాలను, సామెతలను, వాడుక మాటలను సామాన్యుల జీవితానికి సాక్ష్యాలుగా స్వీకరించారు. భూమి లెక్కల భాషను కూడా అదే పద్ధతిలో చదవవచ్చు. ఈ వ్యాసం చేసే ప్రయత్నం అది.

1. పనితో కొలిచిన నేల

తెలుగు శాసనాల్లో భూమి కొలతలు తొలినాళ్ల నుంచే కన్పిస్తాయి. మఱుతురు, పుట్టి, తూము, ఖండుగ వంటి కొలతలు, 'వెలిపొలము', 'నీరునేల' వంటి భేదాలు దానశాసనాల్లో తరచుగా ఉంటాయి. వీటిలో పుట్టి, తూము నిజానికి ధాన్యపు కొలతలు. పుట్టెడు నేల, తూమెడు నేల, కుంచెడు నేల అనే వాడుకలో నేల పరిమాణం దానిలో చల్లే గింజతోనో, దానిపై పండే గింజతోనో ముడిపడి ఉంది. అలాగే 'ఒక అరక సేద్యం' అన్న మాటలో కొలమానం ఒక జత ఎడ్లు, ఒక మనిషి చేయగల పని. కాబట్టి తూమెడు నేల అన్నిచోట్లా ఒకే విస్తీర్ణం కాదు. నేల సారాన్ని బట్టి, నీటి వసతిని బట్టి అది మారుతుంది. సర్వే చేసే అధికారికి ఇది లోపం. సేద్యం చేసేవారికి అదే అవసరమైన సమాచారం. ఎంత విత్తనం దాచుకోవాలో, ఎన్ని రోజులు దున్నాలో, ఎందరు కూలీలు కావాలో ఆ మాటే చెబుతుంది.

పొలాల పేర్లు కూడా ఇటువంటివే. మిట్ట చేను, ఊట మడి, రేగడి చెక్క, చెరువు కింది మడి వంటి పేర్లలో నేల గుణం, నీటి జాడ ఇమిడి ఉంటాయి. చేను అంటే మెట్ట, మడి అంటే గట్టు కట్టి నీరు నిలిపిన నేల అన్న భేదం ప్రతి రైతుకూ తెలిసినదే. సర్వే వచ్చాక ఈ పేర్ల స్థానంలో నంబర్లు వచ్చాయి. కోస్తా, రాయలసీమల్లో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. అన్నదమ్ములు పంచుకొన్నప్పుడల్లా నంబరు పక్కన గీత, గీత పక్కన మరో అంకె, దాని పక్కన అక్షరం చేరుతూ పోయాయి. ఒక సర్వే నంబరు ఉపవిభాగాలను చదివితే ఒక కుటుంబం రెండు మూడు తరాల పంపకాలు తెలుస్తాయి. అయితే ఆ చెక్కను ఎవరు దున్నారన్నది ఆ అంకెల వల్ల తెలియదు.

2. కాపు నుంచి ఆసామి దాకా

సేద్యం చేసే మనిషిని సూచించే తెలుగు పదాల్లో ముఖ్యమైనది 'కాపు'. 'కాచు' అనే క్రియతో సంబంధమున్న ఈ పదం పొలాన్ని, పంటను కాచుకొనే మనిషిని సూచించి, తరువాత కులవాచకంగా స్థిరపడింది. 'పాలికాపు' అంటే పంటలో పాలు తీసుకొని పనిచేసేవాడు. 'పాలేరు' కూడా పాలుతో ముడిపడిన మాటే. నేటి వాడుకలో పాలేరు ఏడాది జీతానికి కుదిరిన మనిషి. మాటలో మిగిలిన 'పాలు' బతుకులో మిగలలేదు. పంటలో భాగస్వామి క్రమంగా జీతగాడయ్యాడన్న చరిత్ర ఈ ఒక్క పదంలోనే ఉంది.

ముస్లిం పాలకుల కాలంలో రెవెన్యూ వ్యవహారాల ద్వారా రైతు, ఆసామి అనే మాటలు తెలుగులోకి వచ్చాయి. 'రైతు' అరబీ మూలంలో పాలితుడు, ప్రజ అనే అర్థాలున్న పదం. 'ఆసామి' మరింత ఆసక్తికరమైనది. అరబీలో 'ఇస్మ్' అంటే పేరు, దాని బహువచన రూపాల్లో ఒకటి 'ఆసామీ'. శిస్తు జాబితాలో పేరు పేరునా నమోదైనవాడు ఆసామి. అంటే ఈ పదం పుట్టుకలోనే సాగుదారు పేరు లెక్కలో ఉండాలన్న భావన ఉంది. తెలుగులో ఆసామి క్రమంగా 'భూమి ఉన్న పెద్దమనిషి' అనే అర్థానికి జరిగింది. మోతుబరి ఆసామి, భూస్వామి దాదాపు పర్యాయపదాలయ్యాయి. పేరు మిగిలింది, కాని అది దున్నేవాడి పేరు కాకుండా పోయింది.

3. పట్టా: రైతువారీ నిర్వచించిన రైతు

1800లో నిజాం నుంచి దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీకి సంక్రమించాయి. 1807 వరకు అక్కడ ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో పొలాలను కొలిపించి, ప్రతి పొలానికీ శిస్తు నిర్ణయించే ఏర్పాటు చేశాడు. బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ వద్ద 1792 నుంచి గడించిన అనుభవం దీనికి పునాది. 1820లో అతడు మద్రాసు గవర్నరయ్యాక రైతువారీ విధానం రాజధానిలో విస్తరించింది. మధ్యవర్తి లేకుండా ప్రభుత్వం నేరుగా సాగుదారుతో ఒప్పందం చేసుకోవడం దీని ఉద్దేశం. చిన్న చెక్కకు, దానిని సాగుచేసేవారికి ప్రభుత్వ లెక్కలో స్థానం కల్పించాలన్న ఆశయం ఇందులో స్పష్టంగా ఉంది.

ఆచరణలో ఈ ఆశయం ఒక పత్రం మీద నిలిచింది. అది పట్టా. రాజులు దానాలు చెక్కించిన పట్టానికి సంబంధించిన ఈ సంస్కృత పదం ఇప్పుడు శిస్తు బాధ్యత పత్రానికి పేరయింది. పట్టాలో పేరున్నవాడే చట్టం దృష్టిలో రైతు. అతడు స్వయంగా దున్నినా, మరొకరికి ఇచ్చి దున్నించినా ప్రభుత్వానికి తేడా లేదు, శిస్తు వస్తే చాలు. పట్టాదారు కింద కౌలుకు చేసేవారికి రైతువారీ విధానంలో ప్రత్యేక గుర్తింపు లేదు. రైతు పేరుతో ఏర్పడిన విధానం రైతు అన్న మాటను పట్టాదారుకు పరిమితం చేసింది.

పట్టాలో పేరు ఉండడం కూడా చిన్న రైతుకు పూర్తి రక్షణ కాలేదు. భూమి అమ్మకానికి, తాకట్టుకు అనువైన ఆస్తి కావడంతో అప్పు నేరుగా చెక్కను చేరగలిగింది. 1930ల ఆర్థికమాంద్యంలో ధాన్యం ధరలు పడిపోయినప్పుడు రుణభారం ఎంత తీవ్రమయిందో 1938 మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం అవసరం కావడమే తెలుపుతుంది. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథలో అప్పల్రాముడి తగవును ఈ కోణం నుంచి చదవాలి. అక్కడ పంచాయితీ ముందున్న లెక్కలో అసలు, వడ్డీ, బాకీ మొత్తం అన్నీ సరిగానే ఉన్నాయి. ఆ కుటుంబం ఎన్నేళ్లు శ్రమించింది, ఆ శ్రమ ఎటుపోయింది అన్నది మాత్రం ఆ లెక్కలో ఒక గడిగా లేదు. దాన్ని అప్పల్రాముడు నోటితో చెప్పుకోవలసి వస్తుంది. న్యాయంగా కన్పించే తీర్పు ఆ కుటుంబంలో ఘోరానికి ఎందుకు దారితీసిందన్న ప్రశ్నకు సమాధానం, లెక్కకెక్కినదానికీ ఎక్కనిదానికీ మధ్య ఉన్న ఈ దూరంలోనే ఉంది.

4. కౌలు: మాటగా మిగిలిన ఒప్పందం

'కౌలు' అరబీ 'ఖౌల్' నుంచి వచ్చింది. దాని అర్థం మాట, వాగ్దానం. దక్కన్ పాలనలో కౌలు అంటే అధికారి ఇచ్చే లిఖితపూర్వక హామీ. దానికి ప్రతిగా రైతు రాసి ఇచ్చేది కబులియతు. మాట పత్రమైన దశ అది. పంటలో పాలు తీసుకొని భూమి ఇచ్చే పద్ధతి అంతకు ముందే తెలుగు నేలలో ఉంది. 'ఆముక్తమాల్యద' రాజనీతి ఘట్టంలో, నేల కొద్దిదైనా కుంటలు కాల్వలు కల్పించి, అరి విషయంలోనూ కోరు విషయంలోనూ పేదను ఆదుకొంటే రాజుకు అర్థమూ ధర్మమూ రెండూ పెరుగుతాయన్న ఉపదేశం ఉంది. అరి అంటే పన్ను, కోరు అంటే పంటలో భాగం. కొద్దిపాటి నేల, పేద సేద్యగాడు, నీటి వసతి – ఈ మూడింటినీ కలిపి ఆలోచించిన ప్రాచీన తెలుగు వాక్యాల్లో ఇది ముఖ్యమైనది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టాల్లో మాగాణి విలువ పెరిగింది. భూమి ఉన్నవారు సేద్యానికి దూరం కావడం, భూమి లేనివారు కౌలుకు చేయడం క్రమంగా విస్తరించాయి. జమీందారీ ప్రాంతాల పరిస్థితి వేరు. 1802 శాశ్వత శిస్తు నిర్ణయం వల్ల అక్కడ రైతు జమీందారు దయపై ఆధారపడ్డాడు. 1908 మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం అతనికి అనుభవ హక్కును కల్పించింది. 1937–38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు వరకు సాగిన రైతు రక్షణ యాత్ర, అదే కాలంలో టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన పనిచేసిన విచారణ సంఘం, చివరకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం ఆ పోరాటంలోని దశలు.

ఇక్కడ ఒక వైపరీత్యాన్ని గమనించాలి. జమీందారు కింద ఉన్న రైతుకు 1908లోనే కొంత రక్షణ లభించగా, రైతువారీ పట్టాదారు కింద ఉన్న కౌలుదారుకు ఆంధ్ర ప్రాంతంలో 1956 కౌలుదారీ చట్టం వరకు అటువంటిది లేదు. ఆ చట్టం వచ్చాక మరో సమస్య తలెత్తింది. కౌలు కాగితం రాస్తే భూమిపై హక్కు పోతుందేమోనన్న భయంతో యజమానులు కాగితమే రాయకుండా జాగ్రత్తపడ్డారు. ఏటేటా కౌలుదారును మార్చడం, ఒక చెక్క నుంచి మరో చెక్కకు పంపడం అలవాటయింది. రక్షించడానికి చేసిన చట్టం వల్ల ఒప్పందం రాతను వదిలి తిరిగి మాటయింది. కౌలు అన్న పదం ఆ విధంగా తన మూలార్థానికే చేరింది. కాని ఈసారి ఆ మాటకు సాక్షి లేదు.

5. శిక్మీ నుంచి రక్షిత కౌలు దాకా: తెలంగాణ అనుభవం

హైదరాబాదు సంస్థానంలో దివానీ ప్రాంతంలో రైతువారీకి దగ్గరి విధానం ఉండగా, జాగీర్లు, మక్తాలు వేరుగా ఉండేవి. దివానీ లెక్కల్లో పట్టాదారు, శిక్మీదారు, ఆసామీ శిక్మీ అనే అంతరాలున్నాయి. ఫార్సీలో 'శికం' అంటే కడుపు. ఒకరి హక్కు కడుపులో ఇమిడిన మరొకరి హక్కు శిక్మీ. శిక్మీదారుకు కొంత స్థిరమైన హక్కు ఉండేది. ఆసామీ శిక్మీ మాత్రం పట్టాదారు ఇష్టం ఉన్నంతకాలం సాగుచేసుకొనేవాడు. పేరు అని అర్థమున్న ఆసామి ఇక్కడ అన్నింటికంటే బలహీనమైన హక్కుకు పేరయింది. 1945లో ఆసామీ శిక్మీల చట్టం వచ్చినా దాని ఫలితం పరిమితమే.

చిట్యాల ఐలమ్మ పోరాటాన్ని ఈ నేపథ్యంలో చూడడం అవసరం. పాలకుర్తిలో ఆమె సాగుచేసినది కౌలు భూమి. విసునూరు దేశ్‌ముఖ్ ఆ పంటను స్వాధీనం చేసుకోజూసినప్పుడు ఆంధ్ర మహాసభ కార్యకర్తలు అండగా నిలిచి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో ఆమె 'దున్నేవారికే భూమి' అన్న నినాదానికి ప్రతీకగా నిలిచారు. అయితే మరో విషయాన్ని కూడా గుర్తించాలి. ఆమె పోరాటం ప్రధానంగా పట్టా కోసం కాదు, తాను వేసిన పంట తనదేనన్న హక్కు కోసం. పైగా ఆమె చాకలి కులానికి చెందిన స్త్రీ. సేద్యంలో స్త్రీల శ్రమ అధికమైనా లెక్కల్లో వారి పేర్లు అరుదు. ఆ కాలపు భూమి లెక్కల్లో సులభంగా చోటు దొరకని మూడు స్థితులు – కౌలు, కులం, స్త్రీత్వం – ఆమెలో కలిశాయి.

సంస్థాన విలీనం తరువాత 1949లో జాగీర్దారీ రద్దయింది. 1950 కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం 'రక్షిత కౌలుదారు' అనే కొత్త స్థానాన్ని సృష్టించింది. ఆ చట్టంలోని 38–ఇ సెక్షన్ రక్షిత కౌలుదారుకు యాజమాన్య హక్కు బదిలీ చేయడానికి వీలు కల్పించింది. సాగు అనే చర్య హక్కుగా మారిన అరుదైన సందర్భం ఇది. అయితే బేదఖళ్లు, 'స్వచ్ఛంద' త్యాగాల వల్ల చాలామంది ఆ రక్షణను కోల్పోయారని ఎ.ఎం. ఖుస్రో 1958లో వెలువరించిన అధ్యయనం తెలిపింది. త్యాగం అన్న మాటను కూడా లెక్కలు ఎంత సులువుగా వాడుకోగలవో ఇందులో కన్పిస్తుంది.

6. పహాణీ: చూపు తప్పిన గడి

గ్రామ లెక్కల్లో సాగుదారుకు చోటున్నది ప్రధానంగా అడంగలులో, పహాణీలో. 'పహాణీ' మరాఠీలో చూడడం అనే అర్థమున్న క్రియ నుంచి ఏర్పడిన పదం. పొలం దగ్గరికి వెళ్లి, ఏ పంట ఉంది, ఎవరు వేశారు అన్నది కళ్లారా చూసి రాసే లెక్క పహాణీ. అందుకే అందులో పట్టాదారు గడితో పాటు అనుభవదారు గడి కూడా ఉంటుంది. తెలంగాణలో 1954–55 ఖాస్రా పహాణీని నేటికీ భూవివాదాల్లో ముఖ్య సాక్ష్యంగా చూపడానికి కారణం ఆ గడికున్న విలువే.

ఈ చూపు ఎప్పుడూ నిష్పాక్షికంగా ఉందని చెప్పలేం. లెక్క కరణం లేదా పట్వారీ చేతిలో ఉండేది. ఊరి పెద్దల మాటను కాదని అనుభవదారు గడి నింపడం సులభం కాదు. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో వారసత్వ గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. ఆ వ్యవస్థతో పాటు ఏ చెక్కను ఎవరు చేస్తున్నారో తెలిసిన స్థానిక జ్ఞానం కూడా కొంత తొలగిపోయింది. అన్యాయానికి అవకాశమిచ్చిన చేతిలోనే ఆ జ్ఞానమూ ఉండడం ఈ చరిత్రలోని చిక్కు.

ఇటీవలి చట్టాలు ఈ సమస్యను భిన్న మార్గాల్లో ఎదుర్కొన్నాయి. 2011 సాగుదారుల చట్టం కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చే ఏర్పాటు చేసింది. దాని స్థానంలో ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. అది యజమాని హక్కుకు భంగం రాదన్న హామీతో 11 నెలల ఒప్పందాన్ని గుర్తిస్తుంది. కాని ఆ ఒప్పందంపై యజమాని సంతకం కావాలి. అంటే సాగుదారు ఉనికికి రుజువు మళ్లీ యజమాని చేతిలోనే ఉంది. తెలంగాణలో 2018లో ఎకరానికి పంటకు 4,000 రూపాయల చొప్పున మొదలైన రైతుబంధు పట్టాదారుకు అందింది గాని కౌలుదారుకు కాదు. 2020 పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కింద ధరణి లెక్కలో అనుభవదారు గడికి చోటు లేకుండా పోయింది. 2025లో ఆ చట్టం స్థానంలో భూభారతి చట్టం వచ్చింది.

గడి లేకపోవడం వల్ల కలిగే నష్టం కాగితానికి పరిమితం కాదు. బ్యాంకు రుణం, పంటల బీమా, పంట నష్టపరిహారం, ధాన్యం కొనుగోలు – ఇవన్నీ నమోదును బట్టి నడుస్తాయి. పెట్టుబడి పెట్టేది, వానకు ఎండకు నష్టపోయేది కౌలుదారు. పత్రం ఉన్నది మరొకరి దగ్గర. రైతు ఆత్మహత్యల సందర్భంలో 2004 నాటి జి.ఓ. 421 బాధిత కుటుంబాలకు సహాయం ప్రకటించింది. ఆ సహాయానికి మరణించిన మనిషి రైతేనని విచారణలో తేలాలి. నోటిమాట కౌలుతో సాగుచేసినవాడి భార్యకు భర్త రైతు అని నిరూపించడం కష్టమవుతుంది. ఆమె భర్త సేద్యం చేశాడన్న సంగతి ఊరందరికీ తెలుసు, కార్యాలయానికి మాత్రం తెలియదు.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, చిన్న కమతాన్ని పనితో కొలిచిన పాత పదజాలంలో నేల, శ్రమ విడిగా లేవు. సర్వే కచ్చితత్వం పెరిగిన క్రమంలో అవి విడిపోయాయి. రెండవది, పాలకులు మారినా సాగుదారును గుర్తించే ప్రయత్నాలు ఆగలేదు. ఆసామి, కౌలు, పహాణీ, రక్షిత కౌలుదారు, సాగుదారు కార్డు ఆ ప్రయత్నాలకు పేర్లు. మూడవది, ఆ ప్రయత్నాల్లో ఎక్కువ భాగం హక్కును, గుర్తింపును ఒకటిగా భావించడం వల్లనే విఫలమయ్యాయి. గుర్తిస్తే హక్కు పోతుందని యజమాని భయపడ్డాడు. ఆ భయం వల్ల సాగుదారుకు గుర్తింపే దక్కలేదు. 1950 చట్టం వంటి హక్కు పోరాటాల అవసరాన్ని ఇది తగ్గించదు. పంట వేసిన మనిషిని పంట కాలానికి నమోదు చేయడం దానికంటే చిన్న విషయమని, యజమాని అనుమతితో నిమిత్తం లేకుండా సాధ్యం కావలసినదని మాత్రం ఇది తెలియజేస్తుంది. పహాణీ అన్న పదం మొదట ఉద్దేశించినది ఇదే: పొలానికి వెళ్లి, చూసి, చూసినది రాయడం.

భూమి చరిత్ర పరిశోధనలో తెలుగు సాహిత్య విద్యార్థులు చేయగల పని ఇక్కడ కన్పిస్తుంది. మాండలిక పదకోశాల్లో, కౌలు పత్రాల్లో, కైఫీయతుల్లో, కథల్లో నిలిచిన సేద్యపు మాటలను ప్రాంతాలవారీగా, కాలక్రమంలో సేకరిస్తే లెక్కల్లో నమోదు కాని సాగుదారుల చరిత్రకు విలువైన ఆధారం లభిస్తుంది.